పాతబస్తీ నుండి ఫ్రెంచి భోజనబల్ల దాకా

సాయంత్రం వేళ చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో నడిస్తే తందూరు ముందు నిలబడ్డ మనుషులు కనిపిస్తారు. పనివాడు గుంతలోకి వంగి, మండుతున్న గోడకు అతికించిన నాన్‌ను ఇనుప చువ్వతో ఊడదీసి బయట పడేస్తాడు. దాన్ని పాత వార్తాపత్రికలో చుట్టుకుని, చల్లారకముందే ఇంటికి చేర్చాలని అందరికీ తొందరే. ఇక్కడికి ఏడు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఫ్రాన్సు దేశంలో కూడా సాయంత్రమైతే రొట్టెల దుకాణం ముందు ఇలాంటి వరుసే ఉంటుంది. అక్కడివారు చంకలో కర్రలాంటి పొడవాటి రొట్టెను పెట్టుకుని నడుస్తూ, ఇల్లు చేరేలోపే దాని కొసను విరిచి నోట్లో వేసుకుంటారు. ఆ రొట్టె పేరు బాగెట్. సుమారు 65 సెంటీమీటర్ల పొడవు, 250 గ్రాముల బరువు ఉంటుంది.

ఈ ఇద్దరూ వారానికి సరిపడా రొట్టె ఒకేసారి ఎందుకు కొనుక్కోరు? రోజూ ఈ తిరుగుడు ఎందుకు? ఈ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టుకోండి. జవాబు దొరికేసరికి మనం కొంత రసాయనశాస్త్రం కూడా నేర్చుకుని ఉంటాం.

ఇప్పుడు మీరు పాతబస్తీలో చదువుకునే విద్యార్థి అనుకోండి. విద్యార్థుల మార్పిడి పథకం కింద నెలరోజులు ఒక ఫ్రెంచి కుటుంబంతో ఉండి రావడానికి ఎంపికయ్యారు. తర్వాత ఆ ఇంటి పిల్లో, పిల్లవాడో మీ ఇంటికి వచ్చి నెలరోజులు ఉంటారు. మన నగరంలో ఇంటర్మీడియట్‌లో రెండో భాషగా ఫ్రెంచి తీసుకునేవారు చాలామందే ఉన్నారు. మార్కులు బాగా వస్తాయనే తీసుకుంటారన్నది వేరే విషయం! వారికి క్రియారూపాలు నోటికి వస్తాయి. కాని భోజనబల్ల దగ్గర ఏం జరుగుతుందో పాఠ్యపుస్తకం అంతగా చెప్పదు. దాన్ని ఈ నెల మనం చూద్దాం.

పాత పరిచయమే

ఫ్రాన్సు మనకు కొత్త దేశమేమీ కాదు. 1591లో చార్మినార్ కట్టిన ముప్పావు శతాబ్దానికే ఫ్రెంచి యాత్రికులు ఈ వీధుల్లో తిరిగారు. జాఁ ద తెవెనో అనే యాత్రికుడు 1666-67లో ఇక్కడికి వచ్చి, ఈ ఊరిని 'బాగ్‌నగర్' అని పిలిచాడు. ఆ కాలంలోనే తావెర్నియే అనే వజ్రాల వ్యాపారి గోల్కొండ రాజ్యంలో గనులు తిరిగి చూశాడు. కృష్ణా తీరంలోని కొల్లూరు గనిలోదని భావించే ఒక పెద్ద నీలి వజ్రాన్ని అతడు ఫ్రాన్సు రాజు పద్నాల్గవ లూయీకి అమ్మాడు. ఈ రాజుగారిని గుర్తుంచుకోండి, మళ్లీ ఆయనతో పని పడుతుంది.

తర్వాత నిజాం అలీఖాన్ సైన్యంలో రేమండ్ అనే ఫ్రెంచి సేనాని ఉండేవాడు. ఆయనను 'మొస్యూ రేమండ్' అనేవారు. మొస్యూ అంటే ఫ్రెంచిలో 'అయ్యగారు' అని అర్థం. మన జనం నోట ఆ మాట నలిగి కొందరికి మూసా రహీం, కొందరికి మూసా రాం అయింది. మూసారాంబాగ్ అనే పేరు అలా వచ్చిందే. ఆయన 1798 మార్చి 25న చనిపోయాడు. మలక్‌పేట దగ్గరి గుట్ట మీద ఆయన సమాధి స్తంభం ఇప్పటికీ ఉంది. ఆ వైపు వెళ్లినప్పుడు ఒకసారి చూసి రండి.

ఉదయం పూట

ఫ్రెంచి ఇంట్లో మొదటి ఉదయమే మీకు కాస్త నిరాశ కలుగుతుంది. పాతబస్తీలో పొద్దున్నే నహారీతో కుల్చా, లేదంటే ఖిచిడీ, ఖీమా, ఖట్టా తినే అలవాటున్నవారికి అక్కడి ఉదయాహారం మరీ తేలిక. ఒక రొట్టెముక్కను నిలువుగా చీల్చి, వెన్న, పండ్ల మురబ్బా రాసి పెడతారు. గిన్నెలాంటి పెద్ద కప్పులో వేడిపాలు కలిపిన కాఫీయో, కోకోయో పోస్తారు. చాలామంది రొట్టెను అందులో ముంచి తింటారు. ముంచడం తప్పేమో అని భయపడకండి. మనం ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కట్ ముంచడం లేదా?

ఇంతకూ ఈ రొట్టెలో ఏముంది? గోధుమపిండి, నీళ్లు, ఉప్పు, పులిసిన పిండి లేదా ఈస్టు. 'సంప్రదాయ ఫ్రెంచి రొట్టె' అనే పేరుతో అమ్మాలంటే దాదాపు ఇవి మాత్రమే ఉండాలని ఫ్రాన్సు ప్రభుత్వం 1993లో శాసనమే చేసింది. నాన్‌లోనూ ముఖ్యమైనవి ఇవే. పులిసిన పిండిని మన ఉర్దూలో ఖమీర్ అంటారు. ఖమీరీ రొట్టె అనే మాట మీరు వినే ఉంటారు. ఫ్రెంచివారు దాన్ని 'లెవాఁ' అంటారు. పురానీ హవేలీ దగ్గర 1851లో మొదలైన మున్షీ నాన్ దుకాణం పేరు నగరమంతటికీ తెలుసు. ఆ నలుచదరపు నాన్‌ను, పారిస్ బాగెట్‌ను పక్కపక్కన పెడితే రూపంలో పోలికే కనబడదు. లోపల పనిచేసిన జీవి మాత్రం ఒకటే.

ఆ జీవి ఈస్టు. ఒకే కణం గల శిలీంధ్రం ఇది. పిండిలోని చక్కెరలను తిని కార్బన్ డయాక్సైడు వాయువును, కొద్దిగా ఆల్కహాలును విడుస్తుంది. వాయువు బుడగలు బయటికి పోకుండా ఆపేది గోధుమలోని గ్లూటెన్. మాంసకృత్తులతో ఏర్పడిన ఈ జిగురు వల రబ్బరు బుడగలా సాగుతుంది. అందుకే పిండి పొంగుతుంది.

ఇక్కడ ఒక ప్రశ్న. మన తెలంగాణ పల్లెల్లో తరతరాలుగా తినేది జొన్నరొట్టె. జొన్నపిండిలో ఈస్టు కలిపి బాగెట్ చేయవచ్చా? ప్రయత్నించి చూడండి. రాదు. జొన్నలో గ్లూటెన్ లేదు. వాయువు పుడుతుంది గాని, నిలవడానికి వల లేక తప్పించుకుపోతుంది. జొన్నరొట్టెను చేత్తో తట్టి, పలుచగా పెనం మీద కాల్చడానికి కారణం ఇదే. మరి ఇడ్లీపిండిలో గ్లూటెన్ లేకపోయినా ఎలా పొంగుతుందని మీలో చురుకైనవారు అడుగుతారు. మంచి ప్రశ్న. అక్కడ వాయువును పుట్టించేవి ముఖ్యంగా బాక్టీరియా. దాన్ని పట్టి ఉంచేది మినప్పప్పులోని జిగురు. పప్పు తగ్గితే ఇడ్లీ రాయిలా అవుతుందని మీ అమ్మగారికి ఏ శాస్త్రమూ చెప్పక్కరలేదు.

రొట్టె పైభాగం ఎర్రగా కాలి కమ్మటి వాసన రావడం మరో విశేషం. దాని గుట్టును 1912లో వివరించినవాడు లూయీ కామీయ్ మయ్యార్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు. మాంసకృత్తులలోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు కలిసి, సుమారు 140 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన వేడిలో వేగంగా చర్య జరిపి, గోధుమరంగు పదార్థాలను, వందలాది సువాసన పదార్థాలను పుట్టిస్తాయి. బాగెట్ కాలే బట్టీలో వేడి 250 డిగ్రీల దాకా ఉంటుంది, అది కాలడానికి ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది. తందూరు గోడ 400 డిగ్రీలు దాటుతుంది గనుక నాన్ ఒకటి రెండు నిమిషాల్లో తయారవుతుంది. ఆవిరి మీద ఉడికే ఇడ్లీ ఎంతసేపు ఉంచినా ఎందుకు ఎర్రబడదో ఇప్పుడు మీరే చెప్పగలరు. బిర్యానీ మీద చల్లే వేయించిన ఉల్లిపాయల రంగు, ఉస్మానియా బిస్కట్ రంగు కూడా మయ్యార్ చర్య పుణ్యమే.

రొట్టె ఎందుకు గట్టిపడుతుంది?

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. ఉదయం కొన్న బాగెట్ రాత్రికి గట్టిపడుతుంది. నాన్ కూడా అంతే, తెల్లారేసరికి తోలులా సాగుతుంది. ఎండిపోయి అలా అయిందని మనమంతా అనుకుంటాం. 1852లో బూసాంగో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రొట్టెను గాలి, తేమ బయటికి పోని విధంగా మూసి ఉంచి చూశాడు. అయినా అది గట్టిపడింది! నీరు పోకుండానే రొట్టె పాతబడుతుందన్నమాట. దానినే మళ్లీ వేడిచేస్తే మెత్తబడింది కూడా.

కారణం పిండిపదార్థంలో ఉంది. పచ్చిపిండిలో పిండిపదార్థపు అణువుల గొలుసులు క్రమంగా పేర్చినట్లుంటాయి. నీటితో కలిపి వేడి చేస్తే ఆ వరుస చెదిరి, నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. రొట్టె చల్లారాక అవి మెల్లగా మళ్లీ వరుస కడతాయి. దాంతో రొట్టె బిగుసుకుంటుంది. రాత్రి మిగిలిన అన్నం పొద్దున్నకు పలుకుగా అవడం ఇందువలననే. వెన్న, నెయ్యి కలిపిన రొట్టెల్లో ఈ బిగింపు నెమ్మదిగా జరుగుతుంది. బాగెట్‌లో కొవ్వు వేయరు గనుక అది ఒక్కరోజు రొట్టె. ఒక దేశం దేశమంతా రోజూ సంచి పట్టుకుని రొట్టెల దుకాణానికి నడవడం వెనుక పిండిపదార్థపు అణువులున్నాయి.

మీరే ఒక ప్రయోగం చేయండి. ఒకే రొట్టె నుండి మూడు ముక్కలు కోసి, మూడు పాలిథీన్ సంచుల్లో గాలి చొరకుండా కట్టండి. ఒకటి బల్ల మీద, ఒకటి రిఫ్రిజిరేటర్ కింది అరలో, ఒకటి మంచు గడ్డకట్టే పై అరలో ఉంచండి. మరునాడు తీసి, మూడో ముక్క మంచు వదిలాక, వేలితో నొక్కి చూడండి. అన్నిటికంటే ఎక్కువ గట్టిపడేది కింది అరలోనిదే. అణువులు వరుస కట్టడానికి ఆ చల్లదనం బాగా అనుకూలం. మరీ గడ్డకట్టే చలిలో అవి కదలలేవు. ఆ గట్టి ముక్కను పెనం మీద వేడిచేసి మళ్లీ నొక్కండి. బూసాంగో చూసిందే మీరూ చూస్తారు.

మరి మిగిలిపోయిన రొట్టెను ఏం చేయాలి? ఫ్రెంచివారు పాలు, గుడ్డు కలిపిన దాంట్లో నానబెట్టి వెన్నలో వేయిస్తారు. దానిని 'పాఁ పెర్ద్యు' అంటారు, పోగొట్టుకున్న రొట్టె అని అర్థం. మనవాళ్లు డబుల్ రొట్టె ముక్కల్ని నేతిలో వేయించి, చక్కెరపాకంలోనూ పాలలోనూ నానబెట్టి డబుల్ కా మీఠా చేస్తారు. పెళ్లిళ్లలో దాన్ని తిన్న పాతబస్తీ పిల్లవాడికి ఫ్రాన్సులో ఈ వంటకం పెడితే కొత్తగా ఏమీ అనిపించదు. కుంకుమపువ్వు మరిచిపోయారేమో అనుకుంటాడు.

బల్ల మీద ఒక ఆచారం కూడా గమనించండి. రొట్టెముక్కను పళ్లెంలో కాక, పళ్లెం పక్కన గుడ్డ మీదనే పెడతారు. దానిని తలకిందులుగా పెడితే మాత్రం పెద్దవాళ్లు వెంటనే సరిచేస్తారు. పూర్వం తలారి కోసం విడిగా ఉంచే రొట్టెను అలా తిరగేసి పెట్టేవారని, అందుకే అది అశుభమని చెబుతారు. నేలమీద పడ్డ రొట్టెముక్కను తీసి కళ్లకద్దుకునే ఇళ్లు పాతబస్తీలో ఎన్నో ఉన్నాయి. కాబట్టి వారి పట్టింపు మీకు తేలికగానే అర్థమవుతుంది.

ఆకుకూరను కత్తితో కోయరెందుకు?

భోజనంలో వంటకాలన్నీ ఒకేసారి వడ్డించరు. ముందు ఏదో చిన్న పదార్థం, తర్వాత అసలు వంటకం, ఆపైన జున్ను, చివర తీపి లేదా పండు. మొదటిదే కడుపునిండా తినేసి, అసలుది వచ్చేసరికి తెల్లమొహం వేసే విదేశీయులు ఎందరో! పచ్చి సలాడ్ ఆకులు కూడా ఎక్కడో ఒకచోట వస్తాయి. వాటిని కత్తితో కోయకూడదు, ఫోర్కుతో మడిచి నోట్లో పెట్టుకోవాలి.

ఈ నియమానికి చెప్పే కారణం రసాయనికమే. ఆకుల మీద వెనిగర్ పోస్తారు. వెనిగర్ అంటే ఎసిటిక్ ఆమ్లం. స్టెయిన్‌లెస్ స్టీలు రాకముందు ఇనుప కత్తులు, వెండి కత్తులు ఆమ్లం తగిలితే నల్లబడేవి, రుచి పాడయ్యేది. ఇప్పుడు అలాంటి కత్తులు లేవు, అలవాటు మాత్రం మిగిలింది.

మన దగ్గర దీనికి బంధువు లాంటి సంగతి ఒకటుంది. పాతబస్తీ విందుల్లో పెద్ద పెద్ద రాగి డేగిశాలు వాడతారు. చింతపండు, పెరుగు, నిమ్మరసం వంటి పుల్లని పదార్థాలు రాగికి తగిలితే పచ్చని చిలుము పడుతుంది, అది కడుపులోకి పోతే హాని. అందుకని లోపల తగరపు పూత వేయిస్తారు. అదే కళాయి. పాత్రను వేడిచేసి, నవాసారంతో శుభ్రపరచి, తగరాన్ని రుద్దితే 232 డిగ్రీలకే కరిగి వెండిలా పరుచుకుంటుంది. ఫ్రాన్సులోనూ పాత రాగి పాత్రలకు ఇదే తగరపు పూత ఉంటుంది. అక్కడ విల్‌దియ్యు అనే ఊరు రాగి పనికి పేరుపొందింది. మీ వీధిలో కళాయి వేసేవారు ఇంకా ఉంటే ఒక పూట కూర్చుని చూడండి. ప్రయోగశాలలో కూడా అంత చక్కగా కనిపించదు.

కంపుకొట్టే జున్ను

ఇక అసలు పరీక్ష వచ్చింది. ఒక చెక్కపలక మీద నాలుగైదు రకాల ముద్దలు పెట్టి మీ ముందుకు జరుపుతారు. ఒకదాని మీద తెల్లని బూజు. ఇంకొకదాని లోపల నీలి చారలు. మూడోదాని నుండి వచ్చే వాసన... ఎలా చెప్పాలి? వర్షాకాలంలో రెండు రోజులు తొడిగిన మేజోళ్ల వాసన! ఇంటివారంతా దాన్ని ఆనందంగా రొట్టెపై పెట్టుకుని తింటుంటారు. మీరు ముక్కు మూసుకుంటే వారి మనసు నొచ్చుకుంటుంది. అలాగని మింగలేరు. ఈ ఘట్టంలోనే చాలామంది 'వీళ్లు కుళ్లిన పదార్థాలు తింటారు' అని తీర్మానించేస్తారు.

ఆ తీర్మానం సరైనదేనా? నిదానంగా చూద్దాం. ముందు మాట సంగతి. మనం జున్ను అనేది ఈనిన ఆవు లేక గేదె తొలి పాలను ఆవిరిపై ఉడికించి చేసే తీపి పదార్థం. ఫ్రెంచివారి 'ఫ్రొమాజ్' అది కాదు. పాలను విరగ్గొట్టి, నీటిని పిండేసి, ఉప్పు పట్టించి, నెలల తరబడి నిలవ ఉంచే పదార్థం. మనకు దానికి వేరే మాట లేక జున్ను అంటున్నాం.

పాలు నిలవ ఉండవు. ఇది అక్కడా ఇక్కడా ఒకటే ఇబ్బంది. మన ఎండల్లో పాలు తోడుపెడితే కొద్ది గంటల్లోనే పెరుగవుతుంది. లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా పాలలోని చక్కెరను తిని ఆమ్లం చేస్తాయి. ఈ పని చేసేవి జీవులేనని 1857లో చూపించినవాడు కూడా ఫ్రెంచివాడే, లూయీ పాశ్చర్. అప్పుడాయన లీల్ నగరంలో ఉన్నాడు. అక్కడి పారిశ్రామికులు బీట్ దుంపల నుండి ఆల్కహాలు తీస్తుంటే అది పాడైపోతోందని మొరపెట్టుకోవడంతో ఆయన పులియడం గురించిన పరిశోధన మొదలైంది.

మనవాళ్లు పెరుగును చిలికి వెన్న తీశారు. వెన్నను కాచి నెయ్యి చేశారు. నేతిలో నీరు దాదాపు ఉండదు. నీరు లేనిచోట సూక్ష్మజీవులు బతకలేవు. అందుకే నెయ్యి మన వేడిలోనూ నెలలు నిలుస్తుంది. అంటే పాలలోని కొవ్వును దాచే ఉపాయం మనది. ఫ్రాన్సులో చలి ఎక్కువ. నేలమాళిగలు, కొండగుహలు ఏడాది పొడుగునా చల్లగా, తేమగా ఉంటాయి. అక్కడివారు కొవ్వుతోపాటు పాలలోని మాంసకృత్తులను కూడా దాచగలిగారు. వేసవిలో పుష్కలంగా వచ్చే పాలను చలికాలానికి జున్నుగా నిలవ చేసుకున్నారు. 250 గ్రాముల కామాంబేర్ జున్ను చేయడానికి రెండు లీటర్లకు పైగా పాలు పడతాయి. రోక్‌ఫోర్ అనేది గొర్రెపాల జున్ను. ఆ ఊరి కొండ పగుళ్లగుండా చల్లని తేమగాలి వీచే గుహల్లో దాన్ని మాగబెడతారు. దాని నీలి చారలు 'పెనిసిలియం రోక్‌ఫోర్టి' అనే బూజు. పెనిసిలిన్ మందు పుట్టిన బూజుల జాతికి చెందినదే. అదే పద్ధతిని మే నెలలో హైదరాబాదులో మామూలు గదిలో చేస్తే నిజంగానే కుళ్లుతుంది!

మరి ఆ మేజోళ్ల వాసన? మీ ముక్కు మోసపోలేదు. ఉప్పునీటితో తుడుస్తూ మాగబెట్టే జున్నుల పైపొర మీద 'బ్రెవిబాక్టీరియం' అనే బాక్టీరియా పెరుగుతుంది. దాని దగ్గరి బంధువులు మనిషి పాదాల చర్మం మీద చెమటలో ఉంటాయి. రెండూ గంధకం కలిసిన ఒకే రకపు వాయువును విడుస్తాయి. ముక్కు చెప్పినది నిజం. అది కుళ్లు అన్న తీర్మానం మాత్రం మన అలవాటు చేసినది. మాగుతున్న మామిడికాయ ఊరగాయ జాడీ మూత తీసినప్పుడు మనకు నోరూరుతుంది. అదే జాడీ ముందు ఫ్రెంచి పిల్లవాడిని నిలబెడితే ఏమంటాడో మరి.

వద్దు అని ఎలా చెప్పాలి?

అర్థమైనంత మాత్రాన తినాలనేమీ లేదు. ఇక్కడ తెలుసుకోవలసిన నిజాలు కొన్ని ఉన్నాయి. పాలను విరగ్గొట్టడానికి పేరుపొందిన సంప్రదాయ జున్నుల్లో చాలా వాటికి దూడ లేదా గొర్రెపిల్ల పొట్ట నుండి తీసిన ఎంజైమును వాడతారు. కొన్ని రకాలకు సూక్ష్మజీవుల నుండి తీసిన ఎంజైమును వాడతారు. శాకాహారులకు, హలాల్ పాటించేవారికి ఈ తేడా ముఖ్యం. మెత్తని మిఠాయిల్లో, కొన్ని తీపి పదార్థాల్లో జెలటిన్ ఉంటుంది. అది తరచు పంది చర్మం నుండి తీసినది. మాంసపు కూరల్లో ద్రాక్షసారాయి పోస్తారు. ఉడికితే అంతా ఎగిరిపోతుందని అంటారు గాని అది పూర్తిగా నిజం కాదు, అరగంట ఉడికాక కూడా మూడో వంతు దాకా మిగలవచ్చు.

కాబట్టి ఏవి తినరో బయలుదేరకముందే ఉత్తరంలో రాయండి. 'జ న మాంజ్ పా ద వియాంద్' అంటే 'నేను మాంసం తినను'. చివరి మాట బదులు 'పోర్' అంటే పందిమాంసం. బల్ల దగ్గరికి వచ్చాక చెబితే ఉదయం నుండి వండిన ఇంటావిడ బాధపడుతుంది. ముందే చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. అక్కడి బడి భోజనశాలల్లో 2019 నవంబరు నుండి వారానికి ఒకసారి మాంసం, చేపలు లేని భోజనం పెట్టాలనే నియమం కూడా వచ్చింది.

ఇంకొక ప్రమాదం ఉంది, ఇది ఆకలికి సంబంధించినది! పాతబస్తీ ఇళ్లలో 'ఇంకొంచెం' అంటే మొదట 'చాలు, చాలు' అనడం మర్యాద. వడ్డించేవారు మూడుసార్లు బలవంతం చేస్తారు, మనం అప్పుడు ఒప్పుకుంటాం. ఫ్రాన్సులో ఒకసారి వద్దంటే వద్దనే. గిన్నె మరొకరి దగ్గరికి వెళ్లిపోతుంది. అంతేకాదు, ఏదైనా ఇవ్వబోతే ఉట్టి 'మెర్సీ' అన్నా కొన్నిసార్లు 'వద్దు, సంతోషం' అనే అర్థం వస్తుంది. కావాలంటే 'వీ, మెర్సీ' అని స్పష్టంగా అనండి.

పలకరింపుల విషయంలో మాత్రం మనం వారికంటే ముందున్నాం. ఫ్రెంచిలో పెద్దలకు 'వూ', స్నేహితులకు 'త్యు'. మన 'మీరు', 'నువ్వు' లాగే, ఉర్దూ 'ఆప్', 'తుమ్' లాగే. ఇంగ్లీషు పిల్లలు ఇక్కడ తికమకపడతారు, మీకు ఆ బాధ లేదు. దుకాణంలో అడుగుపెట్టగానే ముందు 'బొంజూర్' అనాలి. అనకుండా వస్తువు అడిగితే మొరటుతనం. చెంపకు చెంప తాకించి పలకరించే ఆచారం మీకు ఇబ్బందిగా ఉంటే మీరే ముందుగా చెయ్యి చాచండి, చాలు.

ఎనిమిది గంటలకు ఎండ

జూన్‌లో వెళితే రాత్రి భోజనం ఎనిమిదింటికి పెడతారు. కిటికీలోంచి ఎండ పడుతూ ఉంటుంది! పారిస్‌లో జూన్ చివర సూర్యాస్తమయం రాత్రి పది గంటలకు. పారిస్ దాదాపు 49 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది గనుక అప్పుడు పగలు 16 గంటలకు పైగా ఉంటుంది. 17 డిగ్రీలపై ఉన్న మనకు 13 గంటలు దాటుతుంది, అంతే. దీనికి గడియారం కూడా తోడైంది. పారిస్ రేఖాంశం తూర్పుకు 2 డిగ్రీలే అయినా, వేసవిలో వారి గడియారాలు 30 డిగ్రీల రేఖాంశపు కాలాన్ని చూపుతాయి. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన తేడా ఎంతో మీరే కట్టండి. మిట్టమధ్యాహ్నం అక్కడ గడియారంలో ఎన్నింటికి వస్తుందో తెలుస్తుంది. రంజాన్ వేసవిలో పడిన సంవత్సరం అక్కడ ఉపవాసం ఎంత పొడవో కూడా ఆలోచించండి.

వారు మన ఇంటికి వస్తే

ఇప్పుడు మీ వంతు. ఫ్రెంచి విద్యార్థి మీ ఇంట్లో దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నాడు. మొదట నేలమీద కాళ్లు ముడవడమే అతనికి కష్టం. తర్వాత చేత్తో తినడం. వారి ఇంట్లో పిజ్జాను కూడా కత్తితో కోసి తినేవాడు గదా! అతనికి ధైర్యం చెప్పడానికి పద్నాల్గవ లూయీని పిలవండి. కొల్లూరు వజ్రం కొన్న ఆ మహారాజు, ఫోర్కులు వాడుకలోకి వస్తున్న ఆ కాలంలోనూ, తన చేతివేళ్లతోనే తినేవాడని ఆయన ఆస్థానం వారే రాసి పెట్టారు. వేళ్లకు ఇంకో లాభం ఉంది. అన్నం ఎంత వేడిగా ఉందో నాలుక కాలకముందే అవి చెబుతాయి.

అయితే మిరపకాయ సంగతి వేళ్లు చెప్పలేవు. మిర్చీ కా సాలన్ మొదటి ముద్దకే అతని కళ్ల వెంట నీళ్లు కారతాయి, వెంటనే మంచినీళ్ల కోసం చెయ్యి చాస్తాడు. నీళ్లు ఇవ్వకండి. మిరపలోని కాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, నీళ్లు దాన్ని నోరంతా పరుస్తాయి. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు దాన్ని పట్టుకుని నాలుక మీదినుండి లాగేస్తుంది. అతని దేశంలో జున్నుగా గడ్డకట్టేది ఈ కేసీనే. పెరుగుపచ్చడి గిన్నె అతని ముందుకు జరపండి.